గాజుపెట్టె అక్కర్లేదు

ప్రశ్న: డాక్టరు గారూ, మేం నలుగురు స్నేహితులం కలిసి రెండు లక్షల్లో ఒక సైన్స్ ఫిక్షన్ సినిమా తీస్తున్నాం. చనిపోయిన తండ్రిని క్రయోనిక్స్ పద్ధతిలో గడ్డకట్టించి, ఏనాటికైనా లేపుతారని ఎదురుచూసే కొడుకు కథ. మొహం కనిపించే గాజుపెట్టె సెట్టుకే లక్షా ఇరవై వేలు అడుగుతున్నారు. అది లేకపోతే జనం నమ్ముతారా? అసలు ఇందులో నిజమెంత?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: బాబూ, ఆ డబ్బు జేబులోనే ఉంచండి. నిజంగా జరిగేచోట గాజుపెట్టె లేదు, కనిపించే మొహమూ లేదు. అమెరికాలో అరిజోనా రాష్ట్రం స్కాట్స్‌డేల్‌లోని ఆల్కోర్ సంస్థలో ఉన్నవి మనిషిని మించిన ఎత్తు స్టీలు ట్యాంకులు. థర్మాస్ ఫ్లాస్కు సూత్రమే. లోపల మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దేహాన్ని తలకిందులుగా ఉంచుతారు. ఎప్పుడైనా నత్రజని తగ్గితే ముందు పాదాలు తేలాలి, తల ఆఖరున.

అలా మొదట వెళ్లిన మనిషి జేమ్స్ బెడ్‌ఫర్డ్, సైకాలజీ ప్రొఫెసరు. 1967 జనవరి 12న క్యాన్సర్‌తో పోయారు. తర్వాత ఏళ్ల తరబడి ఆ దేహాన్ని చోటు నుంచి చోటుకు మార్చుకుంటూ కాపాడుకొచ్చింది ఇంట్లోవాళ్లే. 1991లో పాత ట్యాంకు తెరిచి కొత్తదాంట్లోకి మార్చినప్పుడు ఆయన ఉన్నది ఒక స్లీపింగ్ బ్యాగులో. ఈ ఒక్క సంగతి మీ ఆర్ట్ డైరెక్టరుకు చెప్పండి.

నేను ముప్పై రెండేళ్లు పశువైద్యుణ్ణి. ద్రవ నత్రజనితోనే నా రోజు మొదలయ్యేది. ఆవులకు చూలు కట్టించే సూది వేయడానికి ఎద్దు వీర్యం సన్నటి స్ట్రాలలో, ఒక్కోదాంట్లో పావు మిల్లీలీటరు, ద్రవ నత్రజని నింపిన కంటైనర్లోనే ఉంటుంది. స్ట్రా తీసి గోరువెచ్చటి నీళ్లలో అర నిమిషం ఉంచి, మైక్రోస్కోపు కింద చూస్తే కణాలు చేపపిల్లల్లా ఈదుతుంటాయి. ఎప్పుడో చచ్చిపోయిన ఎద్దుకు దూడలు పుట్టడం నా చేతుల మీదే జరిగింది. మరి మనిషి ఎందుకు లేవడు? చిన్న కణంలోకి మంచు కట్టనివ్వని మందు ఇట్టే ఇంకుతుంది. పెద్ద అవయవంలోకి అంతటా సమంగా ఎక్కదు. తిరిగి వేడి చేసేటప్పుడు పగుళ్లిస్తుంది. 2023లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంవాళ్లు ఎలుక మూత్రపిండాన్ని 100 రోజుల దాకా ఇలా దాచి, మళ్లీ ఎలుకకు అమర్చి పనిచేయించారు. అక్కడిదాకా వచ్చాం. మనిషిని లేపినవారు ఇంతవరకు లేరు.

అందుకే నా మాట వింటే తండ్రి లేచే సీను తీయొద్దు. కొడుకును తీయండి. ట్యాంకుకు కరెంటు అక్కర్లేదు గానీ నత్రజని ఆవిరవుతూనే ఉంటుంది, పోస్తూనే ఉండాలి. మట్టం చూడ్డానికి మేం కంటైనర్లోకి కొలబద్ద దించి, పైకి తీసి గాలిలో నాలుగుసార్లు ఊపేవాళ్లం. ద్రవం తగిలిన మేర తెల్లగా మంచు పడుతుంది. అక్కడిదాకా ఉందన్నమాట. లారీ రావడం ఆలస్యమైన రోజుల్లో ఆ తెల్లదనం నాలుగు వేళ్లకు దిగితే నాకు నిద్ర పట్టేది కాదు. అవి ఎద్దుల స్ట్రాలు. మీ కథలో అడుగున ఉన్నది నాన్న. ఆ కొలబద్ద పట్టుకున్న చెయ్యి చాలు, ఏ గాజుపెట్టె ఇవ్వలేనిది అది ఇస్తుంది.

షూటింగుకు అసలు నత్రజని మాత్రం తేవద్దు. లీటరు ద్రవం దాదాపు 700 లీటర్ల వాయువవుతుంది. వాసన ఉండదు, మూసిన గదిలో ఊపిరాడక మనిషి తెలిసేలోపే పడిపోతాడు. తడి కొలబద్దను ముగ్గుపిండిలో ముంచితే మంచులాగే కనబడుతుంది. దగ్గర్లో పశువుల ఆస్పత్రి ఉంటే మూలనపడ్డ పాత కంటైనర్ ఉందేమో అడగండి. ఇస్తే, పూర్తిగా ఖాళీ అయిందో లేదో డాక్టరు గారి చేత చూపించుకున్నాకే గదిలోకి తెచ్చుకోండి.