300 కిలోమీటర్ల బ్రెవేలో ఆగిపోయాను: లోపం పట్టుదలలోనా?

ప్రశ్న: నా వయసు 41. నిరుడు 200 కిలోమీటర్ల సైకిల్ బ్రెవేను, అంటే నిర్ణీత గడువులో ముగించాల్సిన దూర ప్రయాణాన్ని, సమయానికే పూర్తిచేశాను. ఈ ఏడాది 300 కిలోమీటర్లకు ఉదయం ఆరింటికి బయలుదేరి, రాత్రి ఎనిమిది గంటలకు 220 దగ్గర ఆగిపోయాను. కూర్చునే చోట మంట, చేతివేళ్లలో తిమ్మిరి ఒక ఎత్తయితే, ‘ఇదంతా ఎందుకు’ అన్న నిరాశ మరో ఎత్తు. నాలో పట్టుదల తక్కువా? – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందుగా మీ లెక్కే చూద్దాం. 300 కిలోమీటర్ల బ్రెవేకు గడువు 20 గంటలు, అంటే ఆగిన సమయంతో కలిపి గంటకు 15 కిలోమీటర్లు. ఆ లెక్కన 220 చేరడానికి 14 గంటల 40 నిమిషాలు ఉండగా, మీరు 14 గంటల్లోనే చేరారు. మిగిలిన 80 కిలోమీటర్లకు ఇంకా ఆరు గంటలు ఉన్నాయి. కాబట్టి మిమ్మల్ని ఆపింది వేగం కాదు; పట్టుదల అని కూడా నేను అనుకోను. పద్నాలుగు గంటలపాటు నొప్పిని ఓర్చుకున్న మనిషిని పట్టుదల లేనివాడని ఎలా అంటాం? శరీరం పెట్టిన ఇబ్బందులు ఒక్కొక్కటిగా పేరుకుని, చివరికి నిరాశ రూపంలో బయటపడ్డాయన్నది నా అభిప్రాయం.

సీటు విషయం అన్నిటికన్నా ముఖ్యం. మంట పుడుతోందని చాలామంది మెత్తటి జెల్ కవరు తొడుగుతారు. అయితే మరీ మెత్తటి సీటులో తుంటి ఎముకలు దిగబడి, బరువు పక్కనున్న మెత్తని భాగాల మీద పడి రాపిడి ఇంకా పెరుగుతుంది. ఆ ఎముకల మధ్య దూరానికి సరిపడే వెడల్పు ఉన్న, కాస్త గట్టి సీటే దూర ప్రయాణానికి మేలు. ఎత్తు చూసుకోవడానికి, సీటు మీద కూర్చుని మడమను పెడల్ మీద ఆనించి కిందికి దించినప్పుడు కాలు నిటారుగా రావాలి. ఆ తర్వాత పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు మరీ ఎత్తుగా ఉంటే నడుము అటూ ఇటూ ఊగి, ఆ ఊపుకే చర్మం ఒరుసుకుపోతుంది. ప్యాడెడ్ షార్ట్స్ లోపల వేరే లోదుస్తులు వేసుకోకండి, ఎందుకంటే వాటి కుట్లే పుండ్లకు మొదలు. బయలుదేరే ముందు పెట్రోలియం జెల్లీ రాసుకుని, మధ్యలో ఒకసారి శుభ్రం చేసుకుని మళ్లీ రాసుకోండి. పది పదిహేను నిమిషాలకోసారి పెడళ్ల మీద లేచి నిలబడితే నొక్కుకుపోయిన చోటికి రక్తం ఆడుతుంది.

తిమ్మిరి మీకు చిటికెన వేలు, ఉంగరపు వేళ్లలో వచ్చి ఉంటే, అరచేతి అంచున ఉండే నరం మీద ఒత్తిడి పడిందన్నమాట. హ్యాండిల్‌ను కొంచెం పైకి తెచ్చి, పట్టు మారుస్తూ ఉండి, టైర్లలో గాలి మరీ బిగుతుగా నింపకుండా చూసుకుంటే చాలావరకు తగ్గుతుంది. బండి దిగాక కూడా తిమ్మిరి రోజుల తరబడి వదలకపోతే డాక్టరుకు చూపించుకోండి.

ఇక నిరాశ సంగతి. సాయంత్రం ఐదు తర్వాత ఏం తిన్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. రక్తంలో చక్కెర పడిపోతే కాళ్లకన్నా ముందు మనసు చతికిలబడడం దూరం తొక్కేవారిలో తరచూ కనిపించేదే. గంటకు 50, 60 గ్రాముల పిండిపదార్థం అందేలా, ఆకలి వేయకముందే తినాలి. రెండు మధ్యరకం అరటిపండ్లలో దాదాపు అంత ఉంటుంది. తీపి వెగటు పుట్టే వేళకు ఇడ్లీ, పెరుగన్నం హాయిగా దిగుతాయి. ఎండలో ఉత్త నీళ్లే అతిగా తాగితే ఒంట్లో ఉప్పు శాతం తగ్గి ప్రమాదం కాబట్టి, మధ్యమధ్య ఓఆర్ఎస్ కూడా తాగండి.

చీకటి పడ్డాక మిగిలిన మొత్తం దూరాన్ని తలచుకోకండి. దారిలో వచ్చే తర్వాతి తనిఖీ కేంద్రమైన కంట్రోల్‌లో బ్రెవే కార్డు మీద ముద్ర వేయించుకోవడం వరకే ఆలోచించి, మానేయాలా వద్దా అన్నది అక్కడ ఏదైనా తిని, పావుగంట కూర్చున్నాకే తేల్చుకోండి. అయితే నిద్రమత్తుతో మాత్రం ఒక్క కిలోమీటరు కూడా తొక్కవద్దు. వెలుతురున్న పెట్రోలు బంకులోనో దాబాలోనో అలారం పెట్టుకుని ఇరవై నిమిషాలు పడుకోండి. మోకాలు వాచినా, కళ్లు తిరిగినా ఆగిపోవడమే సరైన నిర్ణయం. అప్పుడు నిర్వాహకులకు ఫోన్ చేసి తప్పక చెప్పండి, లేకపోతే వారు మీ కోసం రోడ్డంతా వెతకవలసి వస్తుంది.

400 జోలికి ఇప్పుడే వెళ్లకండి. సీటు మార్చాక రెండు మూడు వారాంతాల్లో 100, 150 కిలోమీటర్లు తొక్కి, ఒంటికి కుదిరిందని తేలాక ముందు ఈ 300కే మళ్లీ పేరు ఇవ్వండి.