ఆత్మకథల్లో పని ఎక్కడ కనిపిస్తుంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కళాకారులు, రాజకీయ నాయకులు, క్రీడాకారులు తమ వృత్తి జీవితాల గురించి రాసుకున్న పుస్తకాలపై ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: ఉద్యోగ విరమణ తరవాత ప్రముఖుల ఆత్మకథలు చదవడం మొదలుపెట్టాను. ప్రతివారూ తాము చేసినదంతా ఒప్పనీ, అడ్డుపడినవారంతా చెడ్డవారనీ రాసుకున్నట్టే అనిపిస్తోంది. నమ్మదగిన పుస్తకాన్ని పోల్చుకోవడం ఎలాగండీ?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: మీ అనుమానం సహేతుకమైనదే. తన జీవితాన్ని తానే రాసుకునేవారికి తామే కథానాయకులు కాక తప్పదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1911లోనూ 1915లోనూ రెండు భాగాలుగా వెలువరించిన స్వీయచరిత్రము నాటినుంచి ఈ చిక్కు ఉన్నదే. అందుకని నేను ఇటువంటి పుస్తకం తెరిచినప్పుడు రచయిత అభిప్రాయాల జోలికి వెంటనే పోను. ఆ మనిషి రోజూ చేసిన పని ఏమిటి, దానికి కావలసిన డబ్బు ఎక్కడినుంచి వచ్చింది, అందులో ఎవరెవరు చెయ్యి వేశారు, దాని మూలంగా ఇంట్లోవారు ఏమి కోల్పోయారు అన్న సంగతులు ఎంత వివరంగా ఉన్నాయో ముందు చూస్తాను. అభిప్రాయాలను తరవాత ఎలాగైనా దిద్దుకోవచ్చు గాని, పని వివరాలను కల్పించి రాస్తే ఆ పని తెలిసిన పాఠకుడు ఇట్టే పట్టేస్తాడు.

మీది ఒంగోలు కాబట్టి టంగుటూరి ప్రకాశం పంతులుగారి 'నా జీవిత యాత్ర'తో మొదలుపెట్టండి. తండ్రి పోయాక తల్లి సుబ్బమ్మగారు మీ ఊళ్లోనే పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను సాకారు. పరీక్షకు కట్టవలసిన మూడు రూపాయల కోసం ప్రకాశంగారు బావగారి దగ్గరకు వెళ్లి ఉత్త చేతులతో తిరిగివస్తే, తల్లి తన పట్టుబట్ట కుదువపెట్టి ఆ సొమ్ము తెచ్చి ఇచ్చారు. ఆ తరవాత ఆయన ఇంగ్లండు వెళ్లి బారిస్టరై, మద్రాసులో రెండు చేతులా ఆర్జించి, 1921లో ప్రాక్టీసు వదిలిపెట్టి, ఆ ఆస్తినంతా స్వరాజ్య పత్రికకు ధారపోశారు. ఆ మూడు రూపాయలను మనసులో ఉంచుకుని చదివినవారికే ఈ త్యాగం ఎంతటిదో తెలుస్తుంది. 1928లో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా మద్రాసులో జరిగిన నిరసనలో తుపాకీకి ఎదురుగా రొమ్ము విప్పి నిలబడిన ఘట్టం పిల్లలకు కూడా తెలిసినదే గాని, నా దృష్టిలో ఆ పుస్తకం బలం అక్కడ లేదు. అల్లరి మూకలతో తిరిగిన కుర్రతనాన్నీ, నాటకాల్లో కట్టిన వేషాలనూ, తనను చేరదీసి చదివించిన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారి ఋణాన్నీ దాచకుండా చెప్పుకోవడంలో ఉంది. ఇంకొక సంగతి కూడా గమనించండి. మొదటి మూడు భాగాలే పంతులుగారు రాసినవి; నాలుగోది ఆయన అనంతరం తెన్నేటి విశ్వనాథంగారు రాశారు. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్ర ప్రభుత్వంలో ప్రకాశంగారు ముఖ్యమంత్రి అయితే విశ్వనాథంగారు ఆర్థికమంత్రి. అందువల్ల ఆ ప్రభుత్వం కథ మనకు నాయకుడి గొంతులో కాక సహచరుడి గొంతులో వినిపిస్తుంది.

దాని వెంటనే కొండపల్లి కోటేశ్వరమ్మగారి 'నిర్జన వారధి' చదవమని కోరుతున్నాను. తొంబయ్యేళ్లు దాటాక, 2012లో ఆమె ఆ పుస్తకాన్ని ప్రచురించారు. బాల్య వితంతువు, పునర్వివాహం చేసుకున్న మనిషి, సభల్లోనూ, కమ్యూనిస్టుల సాంస్కృతిక దళమైన ప్రజానాట్యమండలిలోనూ పాటలు పాడిన గాయని, అజ్ఞాతవాసంలో తిరిగిన కమ్యూనిస్టు కార్యకర్త. భర్త విడిచి వెళ్లిపోయాక హైదరాబాదులోని ఆంధ్ర మహిళా సభలో చేరి, తన కంటె ఎంతో చిన్నవారి పక్కన కూర్చుని చదువుకుని, కాకినాడలో ఆడపిల్లల హాస్టలు మేట్రన్‌గా బతుకు వెళ్లదీశారు. కొడుకునూ కూతురినీ ఇద్దరినీ పోగొట్టుకున్నారు. ఇంత జరిగినా ఆ పుస్తకంలో ఎవరిమీదా తీర్పు చెప్పే తొందర కనిపించదు. ఉద్యమాల చరిత్రలో తీర్మానాలు రాసినవారి పేర్లు మిగులుతాయి. రహస్య స్థావరాల్లో వండిపెట్టినవారు, కబుర్లు మోసినవారు, పాటతో సభకు జనాన్ని కూర్చోబెట్టినవారు చేసినది కూడా రాజకీయమేనని నాకు నమ్మకం కలిగించిన పుస్తకం అది.

ప్రశ్న: నేను రంగస్థల కళల విద్యార్థినిని. నటుల జ్ఞాపకాల్లో సన్మానాలూ స్నేహాలూ కనిపిస్తాయి గాని, వేషాన్ని ఎలా సాధించారో కనిపించదు. మాకు పనికివచ్చేవి ఏమైనా ఉన్నాయా?
— విశాఖపట్నం

జవాబు: ఉన్నాయమ్మా. మొదట స్థానం నరసింహారావుగారి 'నటస్థానం' సంపాదించి చదవండి. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం వేయబోతుండగా చంద్రమతి పాత్రధారి రాలేదు. ఆ లోటు పూడ్చడానికి రంగం ఎక్కిన యువకుడు ఆయన. మరుసటి ఏడు తెనాలి శ్రీరామ విలాస సభలో చేరి, ఆపైన దశాబ్దాల పాటు స్త్రీ పాత్రలు ధరించి, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన కట్టిన వేషాల్లో సత్యభామ, చింతామణి, మధురవాణి, దేవదేవి, రోషనార ఉన్నాయి. వీరిని వరసగా తలచుకుంటేనే మీకు కావలసిన పాఠం దొరుకుతుంది. సత్యభామ అతిశయం పట్టపురాణి అతిశయం. చింతామణి, మధురవాణి ఒకే వృత్తిలోని స్త్రీలైనా ఒకరి మాటకారితనం రెండోవారికి అతకదు. మొగలు అంతఃపురంలోని రోషనారకు చీరకట్టు లేదు, కాబట్టి నడకే మారిపోవాలి. సత్యభామగా ఆయన పాడిన 'మీరజాలగలడా నా యానతి' అన్న ఒక్క పల్లవిని ప్రేక్షకులు మళ్లీ మళ్లీ పాడించుకున్నారంటే అది కేవలం గాత్రం వల్ల కాదు, ప్రతిసారీ కొత్త భావం చూపగలిగినందువల్ల. మీరు ఆ పుస్తకాన్ని ఊరికే చదివి పక్కన పెట్టకుండా, ఏదో ఒక పాత్రను ఎంచుకుని, ఆయన చెప్పినదాన్ని మీ దేహం మీద పరీక్షించి చూడండి.

సినిమా వైపు వస్తే గుమ్మడి వెంకటేశ్వరరావుగారి 'తీపి గురుతులు చేదు జ్ఞాపకాలు' మీకు వేరొక సమస్యను పరిచయం చేస్తుంది. 1927లో పుట్టిన ఆయన, వయసులో తన కంటె పెద్దవారైన ఎన్.టి.రామారావు, అక్కినేని నాగేశ్వరరావులకు తండ్రిగా నటించారు. ముప్పయ్యేళ్లు నిండకుండానే ముసలి వేషాలకు అలవాటుపడిన నటుడు పరిశ్రమలో తన చోటు ఏదో తెలుసుకుని, దానికి కట్టుబడి, అందులోనే గౌరవం సంపాదించుకోవడం చిన్న విషయం కాదు. భానుమతిగారి 'నాలో నేను' ఇందుకు పూర్తిగా ఎదురుగా నిలిచే పుస్తకం. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడింటిలోనూ తానే దర్శకత్వం వహించి తీసిన స్త్రీకి తన చోటు ఇంకొకరు నిర్ణయించడం అన్న ఆలోచనే కిట్టదు, ఆ ధాటి ప్రతి పేజీలోనూ ఉంటుంది. ఆదిభట్ల నారాయణదాసుగారి 'నా యెరుక' కూడా చూడండి. ముప్పయ్యో ఏటి దగ్గరే అది ఆగిపోయినా, ఆ నిర్భీతి తరవాతివారిలో అరుదు.

ప్రశ్న: ప్రధానమంత్రిగా పనిచేసిన పి.వి.నరసింహారావుగారు ఆత్మకథ రాయకుండా నవల ఎందుకు రాశారు? దాన్ని చరిత్రగా చదవవచ్చునా?
— కళాశాల అధ్యాపకుడు, వరంగల్

జవాబు: మీరు అడుగుతున్నది 1998లో ఇంగ్లీషులో వెలువడి, కల్లూరి భాస్కరంగారి అనువాదంలో 'లోపలి మనిషి'గా తెలుగులోకి వచ్చిన నవల గురించి. అఫ్రోజాబాద్ అన్న కల్పిత రాష్ట్రంలో ఆనంద్ అనే రాజకీయ నాయకుడి కథ అది. ఆ ఆనంద్ ఎవరో, ఆ రాష్ట్రం ఏదో పోల్చుకోవడానికి మనకు శ్రమ అక్కరలేదు. పదవిలో ఉండగా చేసిన గోప్యతా ప్రమాణమూ, బతికి ఉన్న సహచరుల పేర్లూ అడ్డువచ్చే చోట నవల ఆయనకు వెసులుబాటు ఇచ్చి ఉంటుందని నా ఊహ. 1971 సెప్టెంబరు నుంచి 1973 జనవరి వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉండి, భూసంస్కరణలు తలపెట్టి, తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకే అన్న ముల్కీ నిబంధనలపై తీర్పు దరిమిలా, ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరిన జై ఆంధ్ర ఉద్యమంలో పదవి వదులుకున్న మనిషికి, భూమి ఉన్నవారితో నిండిన పార్టీలోనే కూర్చుని భూమి పంచడం ఎలా ఉంటుందో లోపలినుంచి తెలుసు. ఆ తెలివిడి కోసం చదవండి. అయితే ఫలానా నాయకుడు ఫలానా మాట అన్నాడని చెప్పడానికి ఆ నవలను సాక్ష్యంగా చూపకూడదు; ఆ హక్కును నవలా రూపం ఎంచుకున్ననాడే ఆయన వదులుకున్నారు. సూటిగా చెప్పవలసిన చోట ఆయన సూటిగానే రాశారనడానికి, మరణానంతరం 2006లో వెలువడిన అయోధ్య గ్రంథం ఉంది. ఇక నీలం సంజీవరెడ్డిగారు రాష్ట్రపతి పదవీకాలం జ్ఞాపకాలను 1989లో ఏ ముసుగూ లేకుండా ఇంగ్లీషులో ప్రచురించారు. పి.వి.గారి నవలనూ ఈ జ్ఞాపకాలనూ పక్కపక్కన పెట్టి విద్యార్థుల చేత చదివిస్తే మంచి చర్చ నడుస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి జిల్లా స్థాయిలో క్రికెట్ ఆడుతున్నాడు. చదివించదగిన క్రీడాకారుల ఆత్మకథలు చెప్పగలరా? తెలుగులో అంతగా కనిపించవెందుకు?
— ఒక తండ్రి, కర్నూలు

జవాబు: వి.వి.ఎస్.లక్ష్మణ్ 2018లో ఇంగ్లీషులో ప్రచురించిన ఆత్మకథ చదివించండి. పుస్తకం పేరులోనే 281 ఉంది కాబట్టి అందరూ 2001 మార్చిలో కోల్‌కతాలో ఆస్ట్రేలియాపై ఆడిన ఆ ఇన్నింగ్స్ కోసం పేజీలు తిప్పుతారు. ఫాలో ఆన్ ఆడుతున్న జట్టుకు ద్రావిడ్‌తో కలిసి 376 పరుగులు జోడించి, నాలుగో రోజంతా వికెట్ పడకుండా నిలబడిన మాట నిజమే. నడుము నొప్పితో బాధపడుతున్న ఆయనను ఆ మ్యాచ్‌కు నిలబెట్టినది జట్టు ఫిజియో అన్న సంగతిని మీ అబ్బాయి తప్పక గమనించాలి. అయితే నేను అంతకంటె విలువైనదిగా ఎంచేది దానికి ముందరి ఏడాది. మధ్య వరస బ్యాట్స్‌మన్‌ను ఓపెనర్‌గా పంపుతుంటే, 2000లో సిడ్నీలో ఆ స్థానంలోనే 167 కొట్టిన తరవాత కూడా, ఇది నా పని కాదని నిర్ణయించుకుని, జాతీయ జట్టులో చోటు పోయినా ఫరవాలేదని దేశవాళీ క్రికెట్‌కు తిరిగి వెళ్లారు. 1999–2000 రంజీ సీజనులో హైదరాబాదుకు ఆయన చేసిన పరుగులు 1,415. తనకు చేతనైనదేదో తెలుసుకోవడానికి ఎంత ధైర్యం కావాలో అక్కడ కనిపిస్తుంది. 2003 ప్రపంచకప్ జట్టులో చోటు దక్కనప్పటి దుఃఖాన్ని కూడా ఆయన దాచుకోలేదు. అమ్మాయిలు ఎవరైనా అడిగితే సానియా మీర్జా 2016లో వెలువరించిన పుస్తకం ఇవ్వండి.

ఆటగాళ్ల జీవితం ముప్పయ్యయిదేళ్లకే ముగుస్తుంది. వెనక్కి తిరిగి చూసుకునే వయసు రాకముందే ప్రచురణకర్తలు పుస్తకం అడుగుతారు, అదీ ఇంగ్లీషులో. ఈ లోటు నన్ను నిజంగా బాధపెడుతుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. బంగారు పతకం 242.5 కిలోలకు వెళ్లింది. చివరి ప్రయత్నానికి ఆమె 137.5 కిలోలు పెట్టించుకున్నారు, అది నిలవలేదు. ఆ బరువు ఎంచుకోవడానికి ముందున్న కొద్ది నిమిషాల్లో వేదిక వెనక ఏ లెక్కలు వేశారు, ఎవరు ఏమి సలహా ఇచ్చారు, బార్ కింద చేతులు పెట్టినప్పుడు భుజాలకు ఏమి తెలిసింది అన్నవి ఒక్కొక్కటీ ఒక్కొక్క అధ్యాయానికి సరిపడే విషయాలు. శిక్షణకు వెళ్లే తెలుగు పిల్లలు వాటిని వారి భాషలో, తీరిగ్గా చదువుకోగలగాలి.

ప్రశ్న: మా నాన్నగారు యాభయ్యేళ్లు పద్యనాటకాలకు హార్మోనియం వాయించారు. ఆయన అనుభవాలు రాయించాలని నా కోరిక. 'నాదేముందమ్మా చెప్పడానికి' అంటారు. ఎలా మొదలుపెట్టాలి?
— ఒక కుమార్తె, అనంతపురం జిల్లా

జవాబు: 'మీ జీవితం గురించి చెప్పండి నాన్నా' అని అడగకండి. ఆ ప్రశ్నకు ఎవరైనా అదే జవాబు చెబుతారు. హార్మోనియం ఆయన ముందు పెట్టి, ఫలానా పద్యం ఏ రాగంలో ఎత్తుకునేవారు, ఫలానా నటుడు ఎన్నో శ్రుతిలో పాడేవారు, నటుడు శ్రుతి తప్పితే మీరేం చేసేవారు అని అడగండి. వన్స్‌మోర్ అన్నప్పుడు వేళ్ల నొప్పి ఎలా ఉండేది, నాటకానికి ఎంత ఇచ్చేవారు, డబ్బు ఎవరు ఎగ్గొట్టారు, తెల్లవారుజామున ఆట ముగిశాక ఇంటికి ఎలా చేరేవారు, ఆ రాత్రుళ్లు మీ అమ్మగారు ఇల్లు ఎలా నెట్టుకొచ్చారు అని ఒక్కొక్కటిగా అడుగుతూ పోండి. చేతులు కదిలితే మాట దానంతటదే వస్తుంది.

రాయలేనివారి జీవితం పుస్తకం కాలేదని అనుకోవద్దు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీ శక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. మల్లు స్వరాజ్యంగారి 'నా మాటే తుపాకీ తూటా' కూడా ఆమె చెప్పగా ఇతరులు అక్షరబద్ధం చేసినదే. ఆ పుస్తకాల బలమంతా మాట్లాడిన మనిషి యాసను చెరపకపోవడంలో ఉంది, కాబట్టి మీ నాన్నగారి అనంతపురం మాటను పుస్తకాల భాషలోకి దిద్దకండి. ఫోన్‌లో రికార్డు చేసిన ప్రతిదానికీ తేదీ, ఊరు, నాటకం పేరు, ఆయన చెప్పిన నటుల, మృదంగకారుల పేర్లు వెంటనే ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. పేర్లు రెండేళ్ల తరవాత ఆయనకూ గుర్తురావు, మీకూ గుర్తురావు. డబ్బు ఎగ్గొట్టిన కాంట్రాక్టరు ప్రస్తావన వస్తే రికార్డులో ఉంచి, అచ్చులో పేరు తీసివేయాలో వద్దో నిర్ణయం ఆయనకే వదిలిపెట్టండి. మొదటి విడతగా ఆయన బాగా వాయించే ఒక్క నాటకాన్ని తీసుకుని, మొదటి పద్యం నుంచి మంగళహారతి దాకా వరసగా చెప్పించండి.