పాత మందుతుపాకి సామాన్ల ట్రంకు కొనబోయే ముందు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

పర్లాకిమిడిలో ఎవరో పెద్దాయన పోయాక వాళ్ళ ఇంట్లో మిగిలిన మందుతుపాకి (మూతి నుంచి మందు, గుండు దట్టించే పాతరకం తుపాకి) సామాన్లు ట్రంకుతో సహా అమ్ముతున్నారని, చవకగా వస్తోంది కొనేయనా అని అడిగావు. అందులో మందు పోసుకునే రెండు ఇత్తడి బుడ్లు, కొమ్ములు, సీసం పోసి గుండు చేసే అచ్చులు, నిప్పిళ్ళ డబ్బా, టోపీల డబ్బాలు, సీసాడు మందు ఉన్నాయని రాశావు. నిప్పిల్ అంటే గొట్టం వెనక మరతో బిగించే రంధ్రం ఉన్న చిన్న మొన, టోపీ అంటే దాని మీద తొడిగే రాగి పేలుడు మూత, హ్యామర్ దాన్ని కొడితే లోపలి మందు అంటుకుంటుందని నీకు తెలిసిందే. కొను. కానీ ధర కట్టేటప్పుడు మందుకీ టోపీలకీ సున్నా వేసుకో. ఇనుము, ఇత్తడి, చెక్క, సీసం, వీటిలో కూడా నీ తుపాకికి సరిపోయేవాటికే డబ్బు. మిగతాదంతా ట్రంకు బరువు.

ముందు చట్టం సంగతి చూసుకో. అమ్మేవాళ్ళు ఒడిశాలో ఉన్నారు, నువ్వు పాతపట్నంలో ఉన్నావు. నడిచి వెళ్ళేంత దూరమే అయినా మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉంది. నీ లైసెన్సు ఎంత ప్రాంతానికి చెల్లుతుందో పుస్తకంలో రాసి ఉంటుంది, తీసి చూడు. ఒక్కసారికి ఎంత మందు ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎంత కొనవచ్చో కూడా అందులోనే ఉంటుంది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సుదారు చనిపోతే అతని తుపాకి, మందుగుండు వారసులు ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీసు స్టేషన్లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమ చేయాలి. అంటే ఆ సీసాలో మందు, ఆ డబ్బాల్లో టోపీలు ఆ ఇంట్లో ఉండడమే వాళ్ళకి చిక్కు. నువ్వు చేతిలో పెట్టుకుని సరిహద్దు దాటితే ఆ చిక్కు నీది అవుతుంది. వాళ్ళతో మర్యాదగా చెప్పు: ముందు అవి స్టేషన్లో జమ చేసి రసీదు తెచ్చుకోండి, మిగతా సామాను నేను వచ్చి చూస్తాను అని.

ట్రంకు అడుగున తుపాకి కూడా ఉంటే అది వేరే బేరం. లైసెన్సు తుపాకి ఒకరి నుంచి ఇంకొకరికి మారాలంటే ముందుగా జిల్లా మేజిస్ట్రేటుకో స్టేషన్ అధికారికో రాతపూర్వకంగా తెలియజేసి, 45 రోజులు గడిచాకే చేతులు మారాలి. దాన్ని నువ్వు తీయకు, హ్యామర్ ఎత్తకు, నిప్పిల్ మీద టోపీ ఉందేమోనని గోటితో గీకకు. పాత మందుతుపాకులు దట్టించినవి దట్టించినట్టే మూలన పడి ఉండడం మామూలే. డీలరు దగ్గర దాన్ని చూసే పద్ధతి ఇది: మందు దట్టించే కడ్డీని గొట్టంలోకి అడుగంటా దింపి, మూతి దగ్గర గుర్తు పెట్టి బయటికి తీస్తారు. అదే కడ్డీని గొట్టం పక్కన ఆనించి, గుర్తు మూతి దగ్గర ఉంచి చూస్తే కొన నిప్పిల్ ఉన్న చోటు దాకా రావాలి. అక్కడిదాకా రాకుండా ముందే ఆగిపోతే లోపల మందు, గుండు ఉన్నట్టే. ఇదే పరీక్ష నీ సొంత తుపాకికి కూడా బీరువాలోంచి తీసిన ప్రతిసారీ చెయ్యి.

మందు ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. పొడిగా దాచిన నల్లటి తుపాకి మందు ఏళ్ళ తరబడి చావదు, కాబట్టి పాతది కదా పనిచేయదులే అనుకుని తేలిగ్గా చూడకూడదు. చెమ్మ తగిలిందంటే అందులోని సురేకారం కరిగి ఒకచోట చేరి గడ్డ కడుతుంది. ఆరబెట్టినా పాళ్ళు మునుపటిలా ఉండవు, ఒక దెబ్బ మెత్తగా ఒక దెబ్బ గట్టిగా పేలుతుంది. ఇంతకంటే పెద్ద ప్రమాదం వేరే ఉంది. ఎవరైనా తూటాలు విప్పి తీసిన పొగలేని మందు అదే సీసాలో పోసి ఉంటే నీకు ఎలా తెలుస్తుంది? చూపుకి బూడిదరంగు, నలుపు రెండూ దగ్గరగానే ఉంటాయి. పొగలేని మందు మందుతుపాకిలో పోస్తే ఒత్తిడి చాలా ఎక్కువై గొట్టం చీలిపోతుంది. చీలేది కుడిచేతి వేళ్ళకీ కంటికీ దగ్గర్లోనే. అందుకని పేరు చీటీ ఉన్నా సరే, సీలు తెగిన డబ్బాలో మందు ఎవరిచ్చినా వాడకు. చిటికెడు తీసి అగ్గిపుల్ల పెట్టి చూద్దామనీ అనుకోకు.

టోపీలదీ ఇదే సంగతి. రాగి మీద పచ్చటి తుప్పు పట్టినవి, డబ్బాకి అంటుకున్నవి కదపకూడదు. పాతకాలపు టోపీల్లో పాదరసం కలిసిన పేలుడు పదార్థం ఉంటుంది. అది వేడికి, చెమ్మకి బలం తగ్గి ఆలస్యంగా పేలుతుంది, లేదా పేలదు. పేలలేదని గొట్టం మీదకి వంగి చూసే క్షణమే ప్రమాదం. నీకు కొత్తవి లైసెన్సు మీద డీలరు ఇస్తాడు.

ఇక నీ డబ్బు పెట్టాల్సిన చోటికి వద్దాం. వెళ్ళేటప్పుడు వెర్నియర్ కాలిపర్స్, చిన్న టార్చి, 0.8, 1 మిల్లీమీటరు డ్రిల్ బిట్లు, తెల్ల గుడ్డ, నీ తుపాకి నిప్పిల్ విప్పి అదీ పట్టుకెళ్ళు. తుపాకి మాత్రం ఇంట్లోనే ఉంచు. గొట్టం లోపలి కొలత ముందే తీసి కాగితం మీద రాసుకో. మూతి దగ్గర కడ్డీ రాపిడికి అరిగి ఉంటుంది గనుక రెండు మూడు దిక్కుల్లో కొలువు. 12 బోరంటే 18.5 మిల్లీమీటర్లు, 16 బోరంటే 16.8, 20 బోరంటే 15.6. మన వైపు చేయించిన తుపాకులు ఈ మూడింటికీ మధ్యలో ఎక్కడో ఉంటాయి. అందుకే అచ్చు మీద కొట్టిన అంకె చూసి కొనేయకు.

నిప్పిళ్ళ డబ్బా చిన్నదే అయినా ఎక్కువ సేపు దాని దగ్గరే గడుపు. మర చుట్లు ఒక దేశానిది ఒక దేశానికి సరిపోదు. పావు అంగుళం మరలో అంగుళానికి 28 చుట్లది ఉంది, 26 చుట్ల పాత ఇంగ్లీషుది ఉంది, 6 మిల్లీమీటర్లది ఉంది. కంటికి మూడూ ఒకేలా ఉంటాయి. నువ్వు తెచ్చిన నిప్పిల్‌ని ఒక్కోదాని పక్కన పెట్టి, పళ్ళకి పళ్ళు కలిపి వెలుగులో చూడు. పళ్ళ మధ్య ఎక్కడ వెలుగు కనిపించినా అది నీది కాదు. దగ్గరగా ఉన్నది కదా అని పానా పెట్టి బిగిస్తే రెండు చుట్లు పట్టి ఆగుతుంది, తుపాకి పేల్చినప్పుడు వెనక్కి ఎగిరి ముఖానికి తగులుతుంది. సరైనది వేళ్ళతోనే చివరిదాకా తిరుగుతుంది, చివరి బిగింపుకే పానా కావాలి. తర్వాత రంధ్రం చూడు. అడుగున ఉండే సన్న రంధ్రం 0.7, 0.8 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. 1 మిల్లీమీటరు బిట్టు సులువుగా దూరిందంటే మంటకి కాలి పెద్దదైపోయింది. అలాంటిది వాడితే ఒత్తిడి వెనక్కి తన్ని హ్యామర్‌ని లేపేస్తుంది, టోపీ ముక్కలు ఎగురుతాయి. తల నలిగి పుట్టగొడుగులా విచ్చుకున్నది కూడా పక్కన పెట్టు, దాని మీద టోపీ సగమే కూర్చుంటుంది.

గుండు అచ్చుల్లో మొదట రెండు సగాల్నీ మూసి టార్చికి ఎదురుగా పట్టు. మధ్యలో గీతలా వెలుగు కనిపిస్తే పిన్నులు అరిగాయి, సీసం అంచుల్లోంచి కారి గుండుకి రెక్కలు వస్తాయి. గుంట లోపల తుప్పు గుంతలు ఉంటే పోసిన గుండు ఊడిరాదు. పైన సీసం కోసే పలక వంగి ఉండకూడదు. తర్వాత గుంటని రెండు దిక్కుల్లో కొలువు, తేడా 0.1 మిల్లీమీటరు దాటితే గుండు గుండ్రంగా రాదు. గుడ్డ చుట్టి దింపే గుండు గొట్టం కంటే పావు మిల్లీమీటరు నుంచి 0.4 దాకా చిన్నదిగా ఉంటే చాలు. పెద్దదైతే సగంలో ఇరుక్కుంటుంది. గుండుకీ మందుకీ మధ్య ఖాళీ మిగిలిపోయిన తుపాకిని పేల్చితే గొట్టం ఉబ్బుతుంది, పగులుతుంది.

సీసం పాత ఇనుము కొట్టు రేటుకే తీసుకో. గోరుతో గీస్తే గీత పడాలి, నేల మీద వేస్తే దబ్బున పడాలి. ఖంగుమంటే అందులో ఏదో కలిసింది. చేపల వలకి కట్టే సీసం ముక్కలు తరచు మెత్తగానే ఉంటాయి. బ్యాటరీ పలకలు మాత్రం ఎంత చవకైనా వద్దు, వాటిని కరిగిస్తే విషవాయువులు వస్తాయి. పాత గుండ్ల మీద తెల్లటి పొడి ఉంటే ఊదకు, దులపకు. అది సీసం తుప్పు, ఒంట్లోకి పోతే విషం. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేసి, సబ్బుతో చేతులు కడుక్కో. ఇంటికి తెచ్చాక వంటింట్లో, పిల్లలు తిరిగే చోట పెట్టకు.

ఇత్తడి బుడ్డి మీద షెఫీల్డు జేమ్స్ డిక్సన్ అని ముద్ర ఉందని ధర పెంచుతారేమో. అదే ముద్రతో తర్వాత చేసిన నకళ్ళు బోలెడున్నాయి. నీకు ముద్రతో పని లేదు. పైన మీట నొక్కి వదిలితే తలుపు తనంతట తాను టక్కున మూసుకోవాలి, అతుకు వెంట చీలిక ఉండకూడదు. బుడ్డి మూతిగొట్టం మీద 2½, 3 అని ఉండే అంకెలు డ్రాములు, అంటే మందు తూకం. ఒక డ్రాము 27.34 గ్రెయిన్లు, అంటే 1.77 గ్రాములు. 2½ డ్రాములంటే 68 గ్రెయిన్ల పైచిలుకు. విడి కొలగిన్నె దొరికితే అది తీసుకో. 70 గ్రెయిన్ల గీత దగ్గర సుమారు 4.5 మిల్లీలీటర్లు పట్టాలి, మందుల షాపు సిరంజితో నీళ్ళు పోసి సరిచూసి బాగా ఆరబెట్టు. బుడ్డి ఎంత బాగున్నా దానిలోంచి నేరుగా గొట్టంలోకి పోయకు. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే బుడ్డి మొత్తం చేతిలో పేలుతుంది. కొలగిన్నెలోకి పోసి, బుడ్డి మూసి పక్కన పెట్టి, అప్పుడు గిన్నెలోంచి పోయాలి. ఇత్తడిని అమోనియా ఉన్న పాలిష్‌తో తోమకు, సన్న పగుళ్ళు వస్తాయి.

కొమ్ముల దగ్గర ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఆవు, గేదె కొమ్ము అయితే వెలుగుకి పట్టి పురుగు తొలిచిన చిల్లులు, అడుగు బిరడా దగ్గర పగుళ్ళు చూసి తీసుకో. మన కొండల వైపు పాత మందు కొమ్ముల్లో అడవిదున్నవి ఉంటాయి, కణుజు (సాంబరు దుప్పి) కొమ్ముతో చేసిన కొలగిన్నెలు ఉంటాయి. 1972 వన్యప్రాణి చట్టం కింద వాటిని కొనడం, అమ్మడం రెండూ నేరమే, ఎన్ని తరాల నాటివైనా సరే. ఏ కొమ్మో తేల్చుకోలేకపోతే అక్కడే వదిలెయ్. ఈ చట్టం సంగతి వచ్చింది గనుక, నీ పంట కాపలా లైసెన్సు తుపాకి ఉంచుకోవడానికే. అడవిపందిని కొట్టడానికి అటవీశాఖ అనుమతి విడిగా కావాలి.

కడ్డీల్లో చెక్కవి వంచి చూడు. చెక్క గీతలు ఈ చివర నుంచి ఆ చివరకి సాగాలి, మధ్యలో పక్కకి జారిపోతే అక్కడే విరిగి అరచేతిలో దిగుతుంది. ఇత్తడి కొన జిగురుతో కాక పిన్నుతో బిగించి ఉండాలి, లేకపోతే గుడ్డతో పాటు కొన కూడా గొట్టంలోనే ఉండిపోతుంది. తోలు సంచులు వేలితో రుద్దితే ఎర్ర పొడి రాలితే పనికిరావు, వాటికి నూనె పెట్టినా లాభం లేదు.

వాళ్ళు విడిగా ఇవ్వం, మొత్తం ఒకే ధర అంటే తెల్ల గుడ్డ పరిచి నీకు సరిపోయినవి మాత్రమే దాని మీద పెట్టు. కొత్తవి కొంటే ఎంతవుతాయో కట్టి, అందులో సగం చెప్పు. రెండు నిప్పిళ్ళు, ఒక అచ్చు, ఒక బుడ్డి కంటే ఎక్కువ సరిపోకపోతే ట్రంకు మొత్తం మోసుకురావడం దండగ. బేరం కుదిరితే ఒక్కో వస్తువు పేరు రాసి, బుడ్లు, కొమ్ములు ఖాళీగా ఇచ్చామని వాళ్ళచేత సంతకం పెట్టించుకో. ఈ కాగితం, లైసెన్సు నకలు దారిలో దగ్గర పెట్టుకో. గుండు అచ్చులు, నిప్పిళ్ళ విషయంలో అభ్యంతరం లేదని మీ స్టేషన్లో ముందే అడిగి వెళ్ళు.

వానాకాలం మొదలవకముందే వెళ్ళిరా. ఇంటికి చేరగానే ఇనుప వస్తువులన్నీ మరిగే నీళ్ళతో కడిగి, ఎండలో ఆరనిచ్చి, నూనె గుడ్డతో తుడిచి పెట్టు. గొట్టం కొలత, నీ నిప్పిల్ మర వివరం ఈ ఉత్తరం అందగానే రాసి పంపు, ఏ అచ్చు అడగాలో చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య