మీ డిజైన్‌కే వాల్ సెక్షన్ గీయండి

ప్రశ్న: ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరం చదువుతున్నాను. కన్‌స్ట్రక్షన్ టెక్నాలజీలో మార్కులు బాగానే వస్తాయి. కానీ డిజైన్ జ్యూరీలో (మా డిజైన్లను పరీక్షించేవాళ్ల ముందు) ‘ఇది ఎలా నిలబడుతుంది, వాన నీళ్లు ఎటు పోతాయి?’ అని అడిగితే నోరు పెగలదు. పోనీ ఇవన్నీ ముందే ఆలోచిస్తే డిజైన్ చప్పబడిపోతుందేమోనని టెన్షన్. రెండిటినీ కలిపేదెలా?

జవాబు: మార్కులు వస్తున్నాయంటే మీకు సబ్జెక్టు తెలుసు. కాకపోతే ఆ క్లాసులో గీసే పునాదులు, కిటికీలు, మెట్లు పుస్తకంలోవి, మీ భవనానివి కావు. చిక్కంతా అక్కడే. ఈ సెమిస్టర్‌లో ఒక్క పని చేయండి. స్టూడియో ప్రాజెక్టు సగానికి వచ్చేసరికి పునాది నుంచి పారపెట్ (పిట్టగోడ) దాకా మీ భవనానికే 1:20 స్కేలులో వాల్ సెక్షన్, అంటే గోడను నిలువుగా కోస్తే లోపల కనిపించే బొమ్మ గీయండి. సబ్మిషన్ ముందు రాత్రి గీస్తే అది షీటు నింపడానికే పనికొస్తుంది. సగంలో గీస్తే ప్లాన్ మార్చుకునే వీలుంటుంది.

1:200లో స్లాబ్ ఒక లావు గీత, అంతే. 1:20లో దానికి మందం చూపించక తప్పదు. 3 మీటర్లు బయటికి వచ్చే బాల్కనీనే తీసుకోండి. చాలామంది 150 మి.మీ. పలకలా గీసేస్తారు. ఇలా ఒకవైపే ఆధారం ఉండే ఆర్‌సీసీ క్యాంటిలీవర్‌కు తొలి అంచనాలో పొడవును 7తో భాగిస్తారు. 3000ని భాగిస్తే సుమారు 430 మి.మీ. ఎఫెక్టివ్ డెప్త్ (కడ్డీల మధ్య దాకా లెక్కించే లోతు), కడ్డీలను కప్పే కాంక్రీటు, అంటే కవర్ కలిపితే ఇంకాస్త ఎక్కువే. ఇప్పుడేం చేస్తారు? బాల్కనీ తగ్గించవచ్చు, గోడ దగ్గర మందంగా ఉండి కొసకు సన్నబడేలా మలచవచ్చు, లేదా స్టీలుకు వెళ్లవచ్చు. ఏది చేసినా ఎలివేషన్ మారుతుంది. డిజైన్ అంటే ఇదే కదా!

నీళ్ల సంగతీ అంతే. 10 మీటర్ల టెర్రస్‌కు 1:100 వాలు ఇస్తే ఒక చివర 100 మి.మీ. పెరుగుతుంది. తలుపు గడప ఎంత ఎత్తున ఉండాలో అక్కడ తేలుతుంది. సన్‌షేడ్ అంచు కింద చిన్న గాడి లేకపోతే నీళ్లు అడుగు భాగాన్నే పట్టుకుని గోడ దాకా పాకుతాయి. మీరు అంత ముచ్చటగా రెండర్ చేసిన (కంప్యూటర్‌లో బొమ్మగా చూపిన) తెల్ల గోడ మీద చారలు పడేది అందుకే.

ఇక చప్పబడిపోతుందన్న భయం. సిడ్నీ ఒపెరా హౌస్ పోటీలో 1957లో డెన్మార్క్ ఆర్కిటెక్ట్ యోర్న్ ఊట్జన్ గెలిచేనాటికి దాని పైకప్పు పెంకుల్ని ఎలా కట్టాలో తేలలేదు. వాటన్నిటినీ ఒకే గోళం ఉపరితలం నుంచి కోసుకోవచ్చన్న ఆలోచన 1961లో వచ్చాకే రిబ్బు ముక్కల్ని అచ్చుల్లో పోసుకోవడం సాధ్యమైంది. ఈ రోజు మనం చూస్తున్న రూపం ఆ కట్టుబడి చిక్కు విప్పితే వచ్చిందే. తేల్చుకోవడం ఆలస్యమైతే ఏమవుతుందో కూడా ఆ ప్రాజెక్టే చెబుతుంది: 70 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లన్న అంచనా 1973లో తెరిచేనాటికి 10 కోట్లు దాటింది.

బిమ్ (భవనాన్ని భాగాల వివరాలతో సహా 3డీ మోడల్‌గా తయారుచేసే) సాఫ్ట్‌వేర్ వాడండి, మంచిదే. కానీ అది ఇచ్చిన డిఫాల్ట్ గోడను ఉన్నదున్నట్టు వదిలేయకండి. లోపలి పొరలు ఒక్కొక్కటీ మీరే నిర్ణయించండి.

పోర్ట్‌ఫోలియోలో రెండర్ పక్కనే ఆ సెక్షన్ పెట్టండి. ఇంటర్వ్యూలో మాట్లాడటానికి అదే మీకు ఆసరా. ఇంటర్న్‌షిప్‌కు ఆఫీసు వెతికేటప్పుడు స్టైపెండ్ కన్నా ముందు సైటుకు పంపుతారా అని అడగండి. పంపితే స్లాబ్ పోసే ముందు రోజు తప్పకుండా వెళ్లండి. కాంక్రీట్ పడ్డాక కడ్డీలు, కవర్ బ్లాకులు, కరెంటు పైపులు ఏవీ కనిపించవు.