గో-కార్ట్‌కు ఏ టార్క్ కన్వర్టర్ తీసుకోవాలి?

తిరుపతిలో కాలేజీ ప్రాజెక్టుకు 6.5 హార్స్‌పవర్ ఇంజిన్‌తో కార్ట్ కడుతున్నాం, ఏ కన్వర్టర్ కొనాలి అని అడిగారు. టార్క్ కన్వర్టర్ అంటే రెండు పుల్లీలు, ఒక బెల్టుతో ఇంజిన్ శక్తిని చక్రాల వైపు అందించే భాగం. అందులో 30 సిరీస్ అనే సైజు తీసుకోండి. సుమారు 8 హార్స్‌పవర్ దాకా అది చాలు. 13 హార్స్‌పవర్ ఇంజిన్ అయితేనే 40 సిరీస్.

ముందు వెర్నియర్‌తో ఇంజిన్ షాఫ్ట్ కొలవండి. ఈ కన్వర్టర్ ఎక్కువగా ముప్పావు అంగుళం, అంటే 19.05 మి.మీ. షాఫ్ట్‌కు వస్తుంది. మీది 20 మి.మీ. అయితే పుల్లీ ఎక్కదు. సాన పట్టి ఎక్కించే పని మాత్రం దయచేసి వద్దు. చెయిన్ నంబరు, అంటే దాని సైజు, వెనక స్ప్రాకెట్‌తో (చెయిన్ తిరిగే పళ్ల చక్రంతో) కలవాలి.

కన్వర్టర్ బదులు సెంట్రిఫ్యూగల్ క్లచ్ (ఇంజిన్ వేగం పెరిగితే దానంతటదే పట్టుకునే క్లచ్) చవకే. కానీ చంద్రగిరి వైపు ఎత్తుపల్లాల మట్టి బాటల్లాంటి చోట అది జారుతూ వేడెక్కిపోతుంది. కన్వర్టర్ అలా కాదు. బయలుదేరేటప్పుడు బెల్టు ముందు (ఇంజిన్) పుల్లీలో లోతుగా, వెనక పుల్లీలో అంచున ఉంటుంది, నిష్పత్తి దాదాపు 2.7, అంటే ఇంజిన్ 2.7 సార్లు తిరిగితే వెనక పుల్లీ ఒకసారి తిరుగుతుంది. వేగం అందుకునేకొద్దీ బెల్టు స్థానం మారి 0.9 దాకా దిగుతుంది. గేర్లు లేని మన స్కూటర్లలో ఉన్నదీ ఈ పద్ధతే.

30 సిరీస్ బెల్టుకు ఒక పక్క నిటారుగా, ఇంకో పక్క ఏటవాలుగా ఉంటుంది. నిటారు పక్క ఇంజిన్ వైపు ఉండాలి. మేం ఒకసారి తిప్పి వేశాం, సాయంత్రానికి కవర్ లోపలంతా నల్లటి రబ్బరు పొడి.