సర్వే కాగితం పంచే ముందు

నాన్నా,

"ఇంజనీరింగ్ చదివి, నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినవాణ్ని. ఆర్గనైజేషనల్ బిహేవియర్‌లో పీహెచ్‌డీకి పనికొస్తానా అత్తా?" అని మొన్న ఫోన్‌లో అడిగావు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను.

నీ బ్యాచ్‌లో మిగతావాళ్లు ఎంబీయే, సైకాలజీ చదివి వచ్చారని బెంగ పెట్టుకోకు. ఈ రంగంలో పెద్ద పేరున్న ఎమీ ఎడ్మండ్‌సన్ కూడా ముందు ఇంజనీరే. ఆర్కిటెక్ట్ బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ దగ్గర పనిచేసి, ఆ తర్వాతెప్పుడో హార్వర్డ్‌లో, పనిచేసే చోట మనుషులు ఎలా నడుచుకుంటారో చూసే ఈ సబ్జెక్టులోనే పీహెచ్‌డీ చేసింది. ఆసుపత్రుల్లో రోగులకు మందులివ్వడంలో జరిగే పొరపాట్లను చూస్తూ, మంచి టీముల్లో అవి తక్కువుంటాయని అనుకుంది. లెక్కలు తిరగబడ్డాయి. బాగా కలిసి పనిచేసే టీముల్లోనే పొరపాట్లు ఎక్కువ కనిపించాయి! ఇంకొకరైతే ఆ డేటా చూసి కుంగిపోయేవారు. ఆమె మాత్రం, వీళ్లు ఎక్కువ తప్పులు చేస్తున్నారా, లేక భయం లేదు కాబట్టి చెప్పగలుగుతున్నారా అని ఆలోచించింది. ఏ టీముకి ఎంత స్కోరు వచ్చిందో చెప్పకుండా ఒక సహాయకుణ్ని పంపి, అక్కడి మనుషుల్ని గమనించమంది. నోరు విప్పే ధైర్యంలో వార్డుకీ వార్డుకీ చాలా తేడా ఉందని తేలింది. నువ్వు కోర్స్‌వర్క్‌లో చదివే 1999 నాటి 'సైకలాజికల్ సేఫ్టీ' (టీములో భయపడకుండా నోరు విప్పగలగడం) పేపరుకి బీజం అక్కడే పడింది. అందులో ఒక తయారీ కంపెనీలోని 51 టీముల్ని చూసింది.

భయం ఉన్నచోట నిజం బయటికి రాదన్న ఈ సంగతి నాకు దెబ్బ తిన్నాక గానీ తెలియలేదు. నా పీహెచ్‌డీ రోజుల్లో ఒక ఫ్యాక్టరీలో ప్రశ్నాపత్రాలు పంచాను. కార్మికులు నింపుతుంటే సూపర్‌వైజర్ పక్కనే నిలబడ్డాడు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. దాదాపు అందరూ 'చాలా సంతృప్తి' దగ్గరే టిక్ పెట్టారు. మూడు నెలల శ్రమ, మొత్తం పక్కన పెట్టాల్సి వచ్చింది. రెండోసారి గేటు బయట టీకొట్టు దగ్గర కూర్చుని మాట్లాడాను. అప్పుడు ఒకాయన తన చేతి మీది మచ్చ చూపించి, ఆ ప్రమాదం రిజిస్టరులో ఎక్కలేదని చెప్పాడు.

అందుకే చెబుతున్నాను. అనుమతి కోసం వెళ్లిన రోజే, ఎవరు ఏం చెప్పారో మేనేజ్‌మెంట్‌కి ఇవ్వనని రాతపూర్వకంగా ఒప్పించుకో. ప్రశ్నల్ని తెలుగులోకి మార్పించి, ఇంగ్లీషు మూలం చూడని ఇంకొకరితో తిరిగి ఇంగ్లీషులోకి రాయించు. రెండూ పక్కపక్కన పెడితే ఎక్కడ అర్థం జారిందో కనిపిస్తుంది. మాట్లాడి వచ్చిన రాత్రే నోట్సు రాసుకో, తెల్లారితే సగం పోతుంది.

ఇక నీ ఉద్యోగం సంగతి. రిలీజ్ ముందు బగ్ కనిపించినా మీటింగ్‌లో చెప్పకుండా ఊరుకున్న రోజు నీకూ ఉండే ఉంటుంది. ఎందుకు ఊరుకున్నావో ఒక పేజీ రాయి. అది రుజువు కాదు, నీలాగే అందరూ అనుకోకు. కానీ నీ ప్రశ్న అక్కడ దొరకొచ్చు. ఇదివరకటి పరిశోధనలు చదివే లిటరేచర్ రివ్యూ దాని తర్వాత మొదలుపెట్టు.

సినాప్సిస్, అంటే నీ పరిశోధన ప్లాను, ఇచ్చే ముందు ఆ పేజీ నాకు పంపు. రాత్రి ఎనిమిది దాటాక ఫోన్ చెయ్యి, తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
అత్త