తమ్ముడికి సంక్రాంతి కానుక: ఆర్డీ తియ్యాలా, ఈఎంఐ పెట్టాలా?

ప్రశ్న: నమస్తే మేడమ్. విశాఖలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. జీతం 34 వేలు. మా తమ్ముడు రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆదివారం వస్తే నలుగురు స్నేహితులతో కూర్చుని బోర్డు గేమ్‌లు ఆడతాడు, మిగతా ఖాళీ అంతా సంగీతమే. వయొలిన్ నేర్చుకుంటున్నాడు. త్యాగరాజ కీర్తనలు ఎంత ఇష్టమో పాశ్చాత్య సంగీతకారుడు మొజార్ట్ కూడా అంతే ఇష్టం. పోయినేడు నా ఆపరేషన్‌కి డబ్బు వాడే కట్టాడు, తిరిగి ఇస్తానంటే తీసుకోలేదు. ఈ సంక్రాంతికి వాడికి మంచి కానుక ఇవ్వాలని ఉంది. వాడి విష్‌లిస్టులో ల్యాక్రిమోసా అనే బోర్డు గేమ్ 9,500, హెడ్‌ఫోన్లు 8,900 చూశాను. పండగ ఖర్చులు పోను నా చేతిలో మిగిలేది 7 వేలు. పోస్టాఫీసులో నెలకు 2 వేల ఆర్డీ (రికరింగ్ డిపాజిట్) 14 నెలలుగా కడుతున్నాను. అది మూసెయ్యనా, లేక కార్డు మీద 6 నెలల నో కాస్ట్ ఈఎంఐ పెట్టనా? డాలస్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు గేమ్ పంపిస్తానంటున్నాడు. మావారేమో ఆటబొమ్మలెందుకు, యాప్‌లో గ్రాము బంగారం కొనిమ్మంటున్నారు. ఇలాంటి కానుకలకు పన్ను ఉంటుందా?

జవాబు: ముందు ఆర్డీ సంగతి. పోస్టాఫీసు ఆర్డీని తెరిచిన రోజు నుంచి 3 ఏళ్లు నిండకుండా మూయనివ్వరు. నిండాక గడువుకు ముందే మూసినా సేవింగ్స్ ఖాతా వడ్డీయే ఇస్తారు. మీది 14 నెలలది కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. అయితే 12 వాయిదాలు దాటినవారికి జమలో సగం దాకా అప్పు ఇస్తారు. మీకు 14 వేల దాకా వస్తుంది, ఆర్డీ వడ్డీ రేటుకు 2 శాతం కలిపి వసూలు చేస్తారు. కార్డు అప్పు కంటే ఇది చాలా చవక. కౌంటర్‌లో ఈ మాట వినగానే మనసు లాగుతుంది. లాగనివ్వకండి. పోయినేడు ఆపరేషన్ వచ్చినట్టు మళ్లీ ఏదైనా వస్తే మీకు వెంటనే అందే డబ్బు ఇదొక్కటే.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. పేరు చూసి మోసపోనక్కర్లేదు, అలాగని భయపడనక్కర్లేదు. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. ఇక్కడ జరిగేది ఏమిటంటే, వడ్డీకి సరిపడా సొమ్మును అమ్మేవాళ్లు ధరలో తగ్గిస్తారు, బ్యాంకు ఆ వడ్డీని మీ దగ్గర వసూలు చేస్తుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీదే. మీ 18,400ని 16 శాతం వడ్డీ లెక్కన 6 నెలలకు వేసి చూశాను. వడ్డీ సుమారు 830, దాని మీద జీఎస్టీ 150 దాకా అవుతుంది. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటే పన్నుతో 235. అంటే మీకు అదనంగా పడేది 385 రూపాయలు. నిజం చెప్పాలంటే ఇది పెద్ద నష్టమేమీ కాదు. నాకు నచ్చనిది నెలకు 3,067 చొప్పున కట్టే ఆ ఆరు వాయిదాలు. జనవరిలో కొంటే జూన్ దాకా, అంటే పిల్లల స్కూలు ఫీజులు కట్టే రోజుల దాకా సాగుతాయి. అందులో ఒక్క నెల తప్పినా ఆలస్య రుసుము పడుతుంది, దాని వెనకే నెలకు 3 శాతం పైన కార్డు వడ్డీ. తమ్ముడు తిరిగి తీసుకోనన్న డబ్బును ఇలా వాయిదాల్లో తీర్చాలనుకుంటున్నారేమో అనిపించింది. అది మీ ఇద్దరి మధ్య ముగిసిపోయిన లెక్క.

కాబట్టి 7 వేలు దాటకూడదు. అందులోనూ 5 వేలలో పని జరిగిపోతుందని నా లెక్క.

హెడ్‌ఫోన్లను జాబితాలోంచి తీసెయ్యండి. అవి వాడే కొనుక్కోగలడు, ఎవరి చెవికి ఏది సరిపడుతుందో వాళ్లకే తెలుస్తుంది. ల్యాక్రిమోసా మాత్రం వాడి రెండు పిచ్చిలకూ సరిగ్గా అతికే గేమ్. 2022లో వచ్చింది, నలుగురి దాకా ఆడొచ్చు, వాళ్లు ఐదుగురూ ఉన్న రోజు వంతులు వేసుకోవాలి. మొజార్ట్ 1791 డిసెంబరు 5న చనిపోయేనాటికి ఆయన రెక్వియెమ్ (చనిపోయినవారి ఆత్మశాంతికి పాడే సంగీతం) సగంలో ఆగిపోయింది. దాన్ని పూర్తి చేయించడానికి డబ్బు పెట్టే పోషకుల వేషం ఆటగాళ్లది. (మొజార్ట్ చివరి ఏళ్లలో స్నేహితుడికి అప్పు అడుగుతూ ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. ఆయన కథతో వచ్చిన గేమ్ కోసం మీరు కూడా అప్పు చేస్తే బాగుండదు.)

9,500 పెట్టి ఈ గేమ్ ఒక్కరే కొనడం ఎందుకు? ఆడేది వాడొక్కడే కాదు. ఆ నలుగురు స్నేహితులనూ కలుపుకోండి, మీతో ఐదుగురు, తలా 1,900. వాడి అలమరా నిండా ఏ పెట్టెలున్నాయో వాళ్లకు తెలుసు కాబట్టి ఇప్పటికే కొనేశాడేమో కనుక్కునే పనీ తప్పుతుంది. ఇలాంటి గేమ్‌లకు ఒకసారి కూర్చుంటే ఎంత పడుతుందని లెక్క కట్టాలి. ఐదు ఆదివారాలు ఆడి పైన పెట్టేస్తే కూర్చున్న ప్రతిసారీ 1,900 పడ్డట్టు, ఇరవై ఐదు సార్లు ఆడితే 380. డబ్బు పెట్టినవాళ్లే బల్ల చుట్టూ ఉంటే ఆ గేమ్ అటకెక్కే అవకాశం తక్కువ.

మిగతా డబ్బుతో ఏ దుకాణంలోనూ దొరకనిది ఒకటి చేయించండి. మీరు లెక్కల టీచరని రాశారు కాబట్టే ఈ ఆలోచన వచ్చింది. కర్ణాటక సంగీతంలో మేళకర్త రాగాలు, అంటే మూల రాగాలు 72. పన్నెండు చక్రాలు, చక్రానికి ఆరేసి. వీటితో పేకముక్కల్లా 72 కార్డులు వేయించండి. ఒకవైపు రాగం పేరు, రెండోవైపు సంఖ్య, చక్రం, ఆరోహణ అవరోహణ. సంగీతం రాకపోయినా కటపయాది సూత్రం మీకు చిటికెలో వస్తుంది: రాగం పేరులో మొదటి రెండు అక్షరాలను అంకెలుగా మార్చి తిరగేస్తే రాగం సంఖ్య వస్తుంది. మేచకల్యాణిలో మే అంటే 5, చ అంటే 6, తిరగేస్తే 65. ధీరశంకరాభరణంలో ధీ 9, ర 2, తిరగేస్తే 29. ఇక 29కి 36 కలిపితే 65. ఈ రెంటికీ తేడా ఒక్క మధ్యమమే (మ స్వరం), శంకరాభరణంలో శుద్ధమధ్యమం, కల్యాణిలో ప్రతిమధ్యమం. ఇలాగే 15 మాయామాళవగౌళకు జోడీ 51 కామవర్ధని. మొత్తం 36 జోడీలు. కార్డులన్నీ బోర్లించి జోడీలు వెతికే ఆట ఆడొచ్చు, పేరు చెప్పి సంఖ్య అడిగే పందెం వేసుకోవచ్చు, చక్రాల వారీగా సెట్లు కట్టొచ్చు. చక్రవాకం లాంటి సంయుక్తాక్షరాల పేర్ల దగ్గర ఏ హల్లును లెక్కలోకి తీసుకోవాలో తేడాలొస్తాయి, అక్కడ వాడి వయొలిన్ మాస్టారినో పుస్తకాన్నో అడిగి అచ్చుకివ్వండి.

దీనికయ్యే ఖర్చు వింటే ఆశ్చర్యపోతారు. గేమ్ కార్డు మామూలు కొలత 63 × 88 మిల్లీమీటర్లు. ఒక ఏ3 షీటులో 18 పడతాయి, అంటే 72 కార్డులకు సరిగ్గా 4 షీట్లు. డిజైన్ మీరే చేసుకుని, ద్వారకానగర్ వైపు ఏదైనా డిజిటల్ ప్రింటింగ్ షాపులో మందపాటి ఆర్ట్ కార్డు మీద రెండువైపులా వేయించి, లామినేషన్, కటింగ్ కలిపి ధర అడగండి. వెయ్యి దాటకూడదని పెట్టుకోండి. ముందు ఒక్క షీటే వేయించుకుని అక్షరాలు ఎలా పడ్డాయో చూడండి. తెలుగు ఫాంట్లు కొన్ని షాపుల్లో చెదిరిపోతాయి, పీడీఎఫ్ చేసి ఇస్తే గొడవ ఉండదు. ఈ కొలతకు కార్డులకు తొడిగే ప్లాస్టిక్ స్లీవ్‌లు దొరుకుతాయి, వందేసి కట్టలు రెండు కొనండి. బోర్డు గేమ్ ఆడేవాళ్లకు స్లీవ్‌లు ఎన్నున్నా చాలవు.

ఇంకో వెయ్యి, పన్నెండు వందలు గేమ్ పావులు చేయించడానికి, ఏటికొప్పాకలో. ఎలమంచిలి వైపు ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి ఇల్లు చేరొచ్చు. అక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంకుడు కర్రను తరిణె (లేత్) మీద తిప్పుతూ లక్క అద్దుతారు. తిరిగేటప్పుడు పుట్టే వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది. తిప్పి చేసే పని కాబట్టి గుండ్రటి ఆకారాలే బాగా వస్తాయి. విదేశీ గేమ్‌లలో ఉండే చదునైన మనిషి బొమ్మలు, వయొలిన్ ఆకారాలు అడిగితే నిరాశపడతారు. మృదంగం, ఘటం మాత్రం ఆ తరిణె కోసమే పుట్టాయా అన్నట్టుంటాయి. బొటనవేలంత మృదంగాలు నాలుగు రంగుల్లో, రంగుకు ఐదారు చొప్పున పావులుగా చేసిస్తారేమో అడగండి. పండగ ముందు వాళ్లకు ఆర్డర్లు ఎక్కువగా ఉంటాయి కాబట్టి ఈ నెలలోనే వెళ్లి, ధర మాట్లాడి, బయానా ఇచ్చి రండి. బొబ్బిలి చిన్న వీణ ఇవ్వమని ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి. చూడముచ్చటగా ఉంటుంది కానీ షోకేసులోకి వెళ్లిపోతుంది. మీవాడు చేతితో ముట్టుకుని ఆడేవాడు.

డాలస్ నుంచి పార్సిల్ వద్దు. 5 వేల లోపు గిఫ్టుకు కస్టమ్స్ సుంకం లేని రోజులు 2019 డిసెంబరుతో పోయాయి, రాఖీలకు, ప్రాణరక్షక మందులకు మాత్రమే ఆ వెసులుబాటు మిగిలింది. కొరియర్ చార్జీ, సుంకం, జీఎస్టీ కలిస్తే ఇక్కడి ధరే నయమనిపిస్తుంది. మీ పెద్దమ్మ కొడుకే పండగకు వస్తుంటే సంగతి వేరు, సూట్‌కేసులో తేవచ్చు. ప్రయాణికుల సామానుకు సుంకం లేని పరిమితి విడిగా ఉంటుంది.

బంగారం గురించి మీవారికి ఒక మాట. యాప్‌లో కొన్న రోజే 3 శాతం జీఎస్టీ పోతుంది. పైగా డిజిటల్ గోల్డ్ తన నియంత్రణలోకి రాదని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2025 నవంబరులో హెచ్చరించింది. బంగారమే ఇవ్వాలనుకుంటే గోల్డ్ ఈటీఎఫ్ (స్టాక్ మార్కెట్‌లో కొనే బంగారం ఫండు) ఉంది, కానీ సాఫ్ట్‌వేర్ జీతం తీసుకునే తమ్ముడికి మీరు 7 వేలతో పొదుపు నేర్పించాల్సిన పనిలేదు. మీవారికి ఆటబొమ్మల మీద చిన్నచూపు పోవాలంటే పండగ రోజు ఆ 72 కార్డులతో ఒక ఆట ఆడించండి.

పన్ను భయం లేదు. ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో తోబుట్టువులు బంధువులే, వాళ్ల మధ్య కానుక ఎంతైనా పన్ను పడదు. బంధువులు కానివారి నుంచి ఏడాదిలో అందినవి మొత్తం 50 వేలు దాటితేనే ఆ ప్రశ్న వస్తుంది. స్నేహితులు తలా 1,900 వేసుకుని కొనే గేమ్ ఆ దరిదాపులకు కూడా రాదు. మీ ఆపరేషన్‌కి తమ్ముడు కట్టిన డబ్బుకు కూడా మీరు పన్ను కట్టక్కర్లేదు, ఆసుపత్రి రసీదులు మాత్రం పారెయ్యకండి.